గోడ తాగాక

జహీరాబాద్ శివారు కొత్త కాలనీలో జగదీశ్ కట్టిస్తున్న ఇంటికి శరణమ్మ కాపలా మనిషి. పొద్దున లేస్తూనే కొంగు నడుములో దోపుకుని, పైపు పట్టుకుని కొత్త గోడలు తడుపుతుంది. గోడలు బీటలివ్వకుండా జగదీశ్ ట్యాంకర్లు తెప్పిస్తాడు. సొంతూరు మొగుడంపల్లిలో బోరెండి ఆమె చెరకు నిలువునా మాడిపోయింది. ట్యాంకర్ నీళ్లు పట్టిన డ్రమ్ములో ఆమె చెయ్యి పెట్టదు. అవి గోడల నీళ్లు. గోడ తాగాక జారినవే తనవని ఆమె లెక్క. గోడ కింద ఇనప తట్ట పెట్టి, సిమెంటు అడుక్కి దిగాక తేటనీళ్లు వంచుకుని బట్టలుతుక్కుంటుంది, ఒళ్లు కడుక్కుంటుంది.

నిన్న జగదీశ్ గోడను వేలితో కొట్టి చూశాడు. "గోడలు గట్టిపడ్డయి శరణమ్మా. రేపటి సంది ట్యాంకర్ బంద్."

శరణమ్మ ఖాళీ తట్టను కాలితో గోడ దగ్గరికి జరిపింది. "కాంపౌండ్ గోడ జర పొట్టిగున్నది సారూ. ఇంకో మూరెడు లేపిస్తే మంచిగుంటది."