చింపమని ఇచ్చిన చొక్కాలు

2023వ సంవత్సరం. వర్షాలు తగ్గి ఎండ మళ్ళీ తేటగా కాస్తున్న రోజులు. పలాస కాశీబుగ్గలో బస్టాండుకు వెళ్ళే దారిలో, ఒక సందు మొదట్లో నా టైలరింగ్ షాపు. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, గోడకు ఒక నిలువుటద్దం. ఓవర్‌లాక్ అంటే గుడ్డ అంచు పీచులు పోకుండా దారంతో చుట్టే మిషను. జాకెట్లు, లంగాలు, స్కూలు యూనిఫారాలు నా రోజువారీ పని. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళే ఎక్కువగా వస్తారు. నేను బడికి వెళ్ళలేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక డ్వాక్రా సంఘం పెట్టిన సాయంత్రం తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు కొలతలన్నీ తాడుకు ముళ్ళు వేసి గుర్తు పెట్టుకునేదాన్ని. పనిలో మరిచిపోలేని సంగతి ఒకటి రాయమని సంఘంవాళ్ళు అంటే నాకు ముందుగా తోచింది సినిమా వాళ్ళ చొక్కాల సంగతి.

ఆ రోజుల్లో ఒక సినిమా యూనిట్ పలాసలో దిగింది. ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరి మనిషి దమయంతి జీవితాన్ని సినిమాగా తీయడానికి వచ్చారు. దమయంతి కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపుతుంది. మా వైపు ఆ పని మగవాళ్ళదే. పెద్ద తుఫానుకు తోటలు కూలిపోయి, దింపు పనివాళ్ళు చాలామంది వలస పోయిన కాలంలో ఆమె చెట్టెక్కడం మొదలుపెట్టింది. ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది, పేపర్లో ఫోటో పడింది. అది చూసి హైదరాబాదు నుంచి డైరెక్టరు వచ్చాడు. నిజంగా బతికి చూపించిన మనుషుల కథలైతే జనం ధైర్యం తెచ్చుకుని ఇంటికి వెళ్తారని ఆయన నమ్మకం.

బట్టల సంగతి చూసే అమ్మాయి పేరు మేఘన. ఊళ్ళో కుట్టేవాళ్ళు కావాలని వెతుక్కుంటూ నా షాపుకు వచ్చింది. ఆమె నాకు అప్పజెప్పిన పనిని ఏజింగ్ అంటారు. కొత్త గుడ్డను పాతదానిలా చెయ్యడమన్నమాట. టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఎండలో ఆరేసి, మోచేతుల దగ్గరా కాలరు మడత దగ్గరా గరుకు కాగితంతో రుద్దాలి. ఇన్నేళ్ళూ పాత గుడ్డను కొత్తదానిలా కనబడేట్టు చెయ్యడం నా పని. దానికి ఎదురు పని చెయ్యమంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత సరదా పుట్టింది. మేఘన చేతిపని తెలిసిన పిల్ల. ఎక్కడ రుద్దాలో నాకు చూపించేది, ఎక్కడ రుద్దితే అబద్ధంలా ఉంటుందో నన్ను అడిగేది.

చీరల పని అయ్యాక మగవాళ్ళ చొక్కాల మూట ఒకటి తెచ్చింది. కాలరు ఎవరో పట్టుకుని గుంజినట్టు చిరగాలంది. గుండీలు ఊడిపోవాలి, జేబు ఒక పక్కకు వేలాడాలి, కల్లు ఒలికిన మరకలు తాను వేస్తానంది. ఇవి ఎవరికని అడిగాను.

“హీరోయిన్ భర్తవి అక్కా. తాగొచ్చి ఆమెను కొడతాడు కదా, ఆ సీన్లకి.”

సినిమాలో హీరోయిన్ అంటే దమయంతే కదా. దమయంతి భర్త ఢిల్లీశ్వరరావు. ఊళ్ళో ఢిల్లేశు అంటారు. చాలా ఏళ్ళుగా వాళ్ళింటి బట్టలు నేనే కుడుతున్నాను. కొలతలు తీసేవాళ్ళకు ఒంటి మీద దెబ్బలు కనబడకుండా పోవు. ఎంతమంది ఆడవాళ్ళవో చూశాను. దమయంతి ఒంటి మీద నేను చూసినవి చెట్టు గీరుకున్న గీతలే.

ఢిల్లేశు మంచి దింపు పనివాడు. తర్వాత కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ జబ్బు తెలియని వీధి లేదు. చెట్టెక్కే బలం పోయింది. డయాలసిస్ కోసం, అంటే మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవడం కోసం, వారం వారం పలాస ఆస్పత్రికి రావలసి వచ్చింది. తనకు ఎక్కడం నేర్పమని దమయంతే అడిగింది. అతను కొన్నాళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత గాలికి పక్కకు ఒరిగిన చెట్టు ఒకటి చూసి, దాని మీద నేర్పాడు. చీరతో ఎక్కితే చేతులూ తొడలూ దోక్కుపోతున్నాయని ఇద్దరూ కలిసి నా షాపుకు వచ్చారు. తన ఖాకీ చొక్కా, ప్యాంటు నా ముందు పెట్టి, ఇవి ఇక దీనికే అని దమయంతిని చూపించాడు. చేతుల లోపలివైపు, తొడల లోపలివైపు పాత జీన్స్ గుడ్డ వేసి కుట్టాను. ఎక్కడ ఒరుసుకుంటుందో అతనే వేలు పెట్టి చూపించాడు.

ఆమె చెట్టెక్కిన ప్రతిసారీ కాళ్ళ తాడు తన చేత్తో కట్టి, కింద కూర్చుని ఏ గెల కొయ్యాలో చెప్పేవాడు. పెళ్ళాన్ని చెట్టెక్కించి తాను నీడన కూర్చున్నాడని ఊళ్ళో మగవాళ్ళు మొహం మీదే అనేవారు. అతను జవాబు చెప్పేవాడు కాదు. జబ్బు కంటే ఆ మాటే అతన్ని ఎక్కువ తినేస్తోందని దమయంతి ఒకసారి నాతో అంది. ఇప్పుడు సినిమాలో తాగుబోతుగా చూపిస్తే ఆ మాటలన్నవాళ్ళకు అదే సాక్ష్యమవుతుంది. అతను బతికుండగా, పలాస హాల్లో తన ఊరివాళ్ళ మధ్య కూర్చుని అది చూడాలి.

టైలరుకు కథతో పనేమిటి, ఎలా కోయమంటే అలా కోయడమే కదా అనుకుని ఒక చొక్కా కాలరు చింపాను. రెండోదాన్ని మడిచి మూటలోనే పెట్టేశాను.

ఢిల్లేశు మిషను మీద ఉన్నంతసేపూ దమయంతి వచ్చి నా షాపులో కూర్చోవడం అలవాటు. ఆ వారం వచ్చినప్పుడు చొక్కా ఆమె చేతికిచ్చి, మేఘన చెప్పిందంతా చెప్పాను. ఆమె చిరిగిన కాలరును వేళ్ళతో దగ్గరకు చేర్చి పట్టుకుంది. 

“నాను సినిమావోళ్ళకి అంతా సెప్పినాను వదినా. ఆయనే నేర్పినాడని కూడా సెప్పినాను. తలలూపి మరీ ఇన్నారు” అంది. లేచేటప్పుడు, “ఆయనకి మాత్రం సెప్పకు” అంది.

మర్నాడు ఇద్దరం డైరెక్టరు దిగిన లాడ్జికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని గౌరవంగా కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. చెడ్డవాడని నేను అనను. చూసేవాళ్ళకు ధైర్యం రావాలంటే ఆమె ఎంత లోతు నుంచి పైకి వచ్చిందో కనబడాలన్నాడు. జబ్బు తెర మీద కనబడదు, కొట్టే భర్త అయితే కనబడతాడన్నాడు. పేర్లు మారుస్తామని, పాత్రలు కల్పితమని మొదట్లోనే వేస్తామని చెప్పాడు. దమయంతి అంతా విని అంది:

“కష్టం నేదని నానన్నేదు బాబూ. ఊరు మాదే, సెట్టు మాదే, తుపాను మాదే. మొగుడొక్కడు ఎవులోడు?”

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత, భర్త వేషం కట్టే నటుడు కూడా వచ్చేశాడని, అయినా ఆలోచిస్తానని అన్నాడు. ఆ ఆలోచిస్తాననడంలో మాకేమీ ఆశ కనబడలేదు. 

రెండు మూడు రోజులకు హీరోయిన్ వచ్చింది. షూటింగుకు ముందు ఆమెకు చెట్టెక్కడం నేర్పాలి. చీర, జాకెట్టు ట్రయల్ కోసం, అంటే కుట్టింది ఒంటికి ఎలా ఉందో తొడిగి చూడడం కోసం, నన్ను కూడా దమయంతి ఊళ్ళోని కొబ్బరి తోటకు తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి భయస్తురాలు కాదు. నడుముకు పైనుంచి రక్షణ తాడు కట్టించుకుని, ఏజింగ్ చేసిన చీరతోనే కొంత ఎత్తు ఎక్కింది. దిగేసరికి మోచేతులు ఎర్రగా దోక్కుపోయాయి. అందరూ దమయంతి వైపు చూశారు, ఎలా ఎక్కాలో చెప్పమని.

“నాకు ఎక్కడవే వచ్చు, నేర్పడం రాదు. నాకు నేర్పినాయన ఇంటికాడున్నాడు, పిలండి” అంది దమయంతి.

డైరెక్టరు ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, కారు పంపించాడు.

ఆ రోజు ఢిల్లేశుకు ఆస్పత్రి లేదు. సూదులు గుచ్చే ఎడమ చేతి మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. సినిమాలో తన గురించి ఏముందో అతనికి తెలియదు. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ముందు ఆ అమ్మాయి చేతులు చూశాడు. చీరతో కుదరదని చెప్పి, ఇంట్లో ఉన్న ఖాకీ జత తెమ్మని దమయంతిని పంపాడు. అది ఆ అమ్మాయికి వదులైంది. మేఘనా నేనూ నడుం దగ్గర గుడ్డ మడిచి పిన్నులు పెట్టి, అక్కడికక్కడే రెండు డార్టులు పట్టాం. డార్ట్ అంటే వదులు తగ్గడానికి లోపలికి మడిచి కుట్టే మడత.

ఆ మధ్యాహ్నమంతా అతను నేర్పాడు. గొంతు పెంచలేదు.

“కిందకి సూడకు తల్లీ, పైకీ సూడకు. నీ సేతిని సూడు. సెయ్యి నిలబడితే కాలు దానంతటదే వత్తాది.”

ఒకసారి చెట్టు మొదట్లోనే ఆమె కాలి తాడు జారింది. ఎక్కువసేపు నిలబడలేని మనిషి, కుర్చీలోంచి లేచి, మోకాలి మీద కూర్చుని తానే మళ్ళీ కట్టాడు. దమయంతి నీళ్ళ సీసా పట్టుకుని కొంచెం దూరంగా నిలబడింది. డాక్టర్లు అతనికి నీళ్ళు కొలిచి తాగమన్నారు. పెదాలు తడుపుకుని సీసా తిరిగి ఇచ్చేశాడు. అంతసేపూ జోకులేసుకుంటున్న కెమెరా కుర్రాళ్ళు ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు. డైరెక్టరు వచ్చి అతని కుర్చీ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఏవేవో అడుగుతున్నాడు. దమయంతి పైకెక్కుతుంటే జనం మిమ్మల్ని ఏమీ అనలేదా అని అడగడం నాకు వినబడింది.

“అంతారు బాబూ. మరి నాను కిందే కదా కూకున్నాను” అన్నాడు ఢిల్లేశు, నవ్వుతూ.

సాయంత్రం డైరెక్టరు దమయంతిని పక్కకు పిలిచాడు. క్షమించమని అనలేదు. మీ ఆయనకు కోపం ఎప్పుడైనా వచ్చేదా అని మాత్రం అడిగాడు. ఆమె ఆలోచించి చెప్పింది. ఉప్పు లేని కూర తిని తిని విసిగి, ఒకనాడు కంచం గోడకేసి కొట్టాడు. తర్వాత చీపురు పట్టుకుని మెతుకులన్నీ తానే ఊడ్చాడు.

“అది నిజివే. కావాలంటే అదెట్టుకోండి” అంది.

మర్నాడు షాపు తీసేసరికి మేఘన గుమ్మంలో ఉంది. చొక్కాలన్నీ చింపేశావా అక్కా అని అడిగింది. ఒక్కటే చింపానని చూపించాను. అమ్మయ్య అనుకుంటూ కూర్చుంది. కథ మారిందని, ఇప్పుడు ఆ చొక్కాలు పాతబడినా శుభ్రంగా ఉండాలని, చిరుగులు ఇంట్లో కుట్టుకున్నట్టు కనబడాలని చెప్పింది. చింపిన కాలరుకు ఇద్దరం రఫూ చేశాం. లోపలి కుట్టులోంచి అదే గుడ్డ దారం లాగి, చిరుగు మీద మళ్ళీ నేతలా అల్లడమే రఫూ. అల్లుతూ మేఘన ఒక మాట చెప్పింది. స్క్రిప్టు చదివినప్పుడు తనకు ఏ అనుమానమూ రాలేదట. ఇలాంటి ప్రతి సినిమాలోనూ అలాంటి భర్త ఉంటాడు కాబట్టి, ఇక్కడా ఉండే ఉంటాడనుకుందట.

సినిమా మరుసటి ఏడాది పలాసకు వచ్చింది. గొప్పగా ఆడిందని చెప్పలేను. మధ్యాహ్నం ఆటకు ఊరివాళ్ళంతా వచ్చారు, మేమూ వెళ్ళాం. కంచం విసిరే సీను వచ్చినప్పుడు ఢిల్లేశు తల దించుకున్నాడు. ఒరిగిన చెట్టు మీద భర్త నేర్పుతున్న సీనుకు ఎవరూ ఈల వెయ్యలేదు. అప్పుడే ఇంటర్వెల్ పడింది. దీపాలు వెలగగానే, వాళ్ళ ఊరివాడే, ఇదివరకు ఎగతాళి చేసినవాళ్ళలో ఒకడు, లేచి వచ్చి ఢిల్లేశు సీటు ముందు నిలబడ్డాడు. దమయంతి నా చెయ్యి పట్టుకుంది.

“మావా, నిజింగా నువ్వే నేర్పినావేటి?”

“మరెవులు నేర్పుతారు? అది పుట్టినకాణ్ణించి సెట్టు మీదే ఉన్నాదేటి?”

ఆ మనిషి తన సీటుకు తిరిగి వెళ్ళలేదు. ఢిల్లేశు పక్కనున్న ఖాళీ సీట్లో కూర్చుని మిగతా సినిమా అక్కడే చూశాడు.

ఇది రాసే ముందు దమయంతిని అడిగాను, ఢిల్లేశు చదివితే ఏమవుతుందని. చొక్కాల సంగతి ఎప్పుడో తానే చెప్పేశానంది. విని అతను నవ్వాడట. “తాగుబోతోడి ఏసవైతే ఆ కుర్రోడికి ఇంకా పేరొచ్చును. నా ఏసంలో కుర్సీలో కూకోడం తప్ప ఆడికి పనేటున్నాది” అన్నాడట.

మా పనిలో ఆది అని ఒకటి ఉంటుంది. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టును కొలతగా ఇచ్చి, దీని ప్రకారం కుట్టమంటారు. పని తొందరగా అవుతుందని మేమూ పుచ్చుకుంటాం. కానీ అది చాలాసార్లు అక్కదో, పక్కింటావిడదో అయి ఉంటుంది. కుట్టాక భుజం నిలవదు. ఢిల్లేశును కూడా వేరే సినిమాల భర్తల ఆది పెట్టి కోయబోయారు. కొబ్బరి చెట్టు కింద మనిషిని ఎదురుగా చూశాకే కొలత దొరికింది. ఇప్పుడు ఎవరైనా ఆది తెచ్చిస్తే తీసుకుంటాను, కానీ గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు ఆ మనిషిని ఒకసారి రమ్మంటాను. రాలేని మనిషైతే టేపు పట్టుకుని నేనే బస్సెక్కుతాను.