పాటల పెట్టె మీద బాలయేసు

రెన్సింగక్క హోటలుకి ఆ ఉత్తరం వచ్చింది మంగళవారం మధ్యాహ్నం, లారీల్ని అవతలి దీవికి దాటించే రెండో పడవ కోసం అవి బారులు తీరిన వేళ. మైకు తీగ తెగిందంటే అతకడానికి వెళ్ళి నేను అక్కడే ఉన్నాను. తెచ్చినవాడు ఆవిడ చేత సంతకం పెట్టించుకుని మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

డుమాంగాస్ రేవులో రెన్సింగక్కని ఎరగని లారీ డ్రైవరు లేడు. చిన్నప్పుడు ఉప్పు మళ్ళలో పనిచేసింది. పెళ్ళయిన ఆరేళ్ళకి చేపలవేటకి వెళ్ళిన భర్త తుఫానులో తిరిగి రాలేదు. ఆ మరుసటేడు రేవు గేటు పక్కన ఒక బల్ల వేసుకుని, అల్లం, కోడిమాంసం వేసిన గంజి అమ్మడం మొదలుపెట్టింది. బల్ల పక్కన బెంచీ వచ్చింది, బెంచీ మీదికి రేకుల కప్పు వచ్చింది. అయినా డ్రైవర్లు తినేసి వెళ్ళి లారీల్లో పడుకునేవాళ్ళు. పడవ వచ్చేదాకా వాళ్ళని కూర్చోబెట్టాలంటే పాటల పెట్టె ఒక్కటే దారి అని నా దగ్గరికి వచ్చింది.

ఆ పెట్టె మా వాకిట్లో నేనే కట్టాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు, పాడైన పెట్టెలు విప్పి చూసి నేర్చుకున్నాను. చెక్కల మూలలు పళ్ళు కోసి బిగించాను, ఒక్క మేకు లేదు. మోత పగలకుండా స్పీకరు గూట్లో కొబ్బరిపీచు కుక్కాను. నాణెం వేస్తే బాకా మోగుతుంది, తెర మీద మాటలు చూస్తూ మైకులో పాడితే చివర్న మార్కులేస్తుంది. పాట నంబరు నొక్కకపోతే పెట్టె తనే ఒక పాట ఎత్తుకుంటుంది. పాటల చిప్పు దొంగసరుకు కాదు, ఇలోయిలో పట్నంలో రసీదు తీసుకుని కొన్నాను. దాంతోపాటు వచ్చిన మెరిసే స్టిక్కరు పెట్టె నుదుటన అంటించి, "అక్కా, ఇది ఉన్నాక పాటల గురించి నిన్నెవరూ ఏమీ అడగరు," అన్నాను. నన్నెవరూ అడగలేదు ఆ మాట. నాకై నేనే అన్నాను.

ఆవిడ ఆ స్టిక్కరునీ, గోడ మీద అద్దాలు కట్టించిన మూడు కాగితాలనీ నమ్ముకుని ఎనిమిదేళ్ళు బతికింది. ఒకటి మేయరు ఆఫీసు అనుమతి, ఒకటి ఆరోగ్యశాఖది, ఒకటి మైకు పెట్టుకోవచ్చని ఊరి పంచాయతీ ఇచ్చింది.

"చదువు మెల్చోర్, నా చేతులకి పులుసంటింది," అంది.

పాటలు రాసినవాళ్ళూ బాణీలు కట్టినవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం నుంచి వచ్చిన ఉత్తరమది. మీ హోటల్లో జనం ముందు పాటలు పాడిస్తున్నారు, అందుకు మా అనుమతి మీ దగ్గర లేదు, పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే చట్టప్రకారం చర్య తీసుకుంటాం, జరిమానా పడొచ్చు, జైలు శిక్ష కూడా పడొచ్చు అని ఉంది. జైలు అన్న మాట దగ్గర చదవడం ఆపేశాను. ఆవిడ కాగితం లాక్కుని నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ పులుసు వడ్డించడం మొదలుపెట్టింది.

బెంచీలు ఖాళీ అయ్యాక నా పక్కకి వచ్చి నెమ్మదిగా అంది: "స్టిక్కరుంది కదా అన్నావు."

అప్పటికి నేను ఈ చుట్టుపక్కల పంతొమ్మిది పెట్టెలు కట్టాను. పంతొమ్మిది చోట్లా అదే మాట చెప్పాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి పాటల పెట్టె కనపడలేదు. దానిమీద చర్చి బల్లకి పరిచే తెల్లని లేసుగుడ్డ కప్పి, ప్లాస్టిక్ పూలు పెట్టి, ఇంట్లో ఉన్న బాలయేసు విగ్రహాన్ని ఎర్రటి ముఖమల్ అంగీతో సహా తెచ్చి పైన నిలబెట్టింది. ముందొక కొవ్వొత్తి. ఉత్తరం విగ్రహం కిందే ఉంది. దేవుణ్ణి పక్కకి జరిపి పాట పెట్టమనే ధైర్యం ఎవరికుంటుంది? పెట్టె తీగ పీకెయ్యమని నాతో అంది. సరేనని పని అయిందనిపించాను. కానీ ఆ ఉప్పుగాలికి నాలుగు రోజులు చల్లబడితే లోపలి బోర్డు చెమ్మ పట్టి చచ్చిపోతుంది. నేను కట్టిన వస్తువు నా చేతులతో చంపుకోలేక తెర మాత్రం ఆర్పి, లోపల కరెంటు ఉంచేశాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

డ్రైవర్లు వచ్చి చూసి శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకడు మాత్రం, "అక్కా, ఈయన కూడా పాడాక మార్కులేస్తాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత కాలరు చొక్కా వేసుకున్నవాడు ఎవడొచ్చినా ఆవిడ లేచి నిలబడేది. మరుగుదొడ్డి ఎక్కడని అడిగిన పాపానికి ఒకాయనకి డబ్బు తీసుకోకుండా భోజనం పెట్టింది. రేవు గోడ కొలవడానికి టేపు పట్టుకొచ్చినవాణ్ణి చూసి వెనక్కి వెళ్ళి పందుల దొడ్లో కూర్చుంది. రెండు గౌన్లు, ఒక దుప్పటి, రక్తపోటు మాత్రలు ఒక సంచిలో సర్ది వడ్డించే బల్ల కింద పెట్టుకుంది. నా చేతిలో ఇంటి తాళంచెవి పెట్టి, "నన్ను తీసుకుపోతే పందికి పొద్దున్నే తవుడు పెట్టు. ఆలస్యమైతే అరిచి ఊరు లేపుతుంది," అంది. ఏడవలేదు. కూర చెడిపోకుండా ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది.

పదమూడో రోజు మధ్యాహ్నం అతను వచ్చాడు. ఇస్త్రీ చేసిన కాలరు చొక్కా, తోలు సంచి. చేపల పులుసు, అన్నం చెప్పి, అవి వచ్చేలోపు లేచి గోడ మీది కాగితాలు ఒక్కొక్కటీ చదివాడు. మొదటిది, రెండోది, మూడోది. తర్వాత తలుపు వెనక ఇంకేమైనా ఉందా అని చూశాడు. రెన్సింగక్క బల్ల కింది సంచిని కాలితో ముందుకి లాగింది.

సరిగ్గా అప్పుడే చెరకు లారీ తోలే క్లేతో అనే ముసలాయన పడవకి బయల్దేరుతూ విగ్రహం ముందు మోకరిల్లాడు. సముద్రం మీద ప్రయాణం కదా. లేచి, జేబులోంచి ఐదు పీసోల బిళ్ళ తీసి, హుండీ కోసం వెతికాడు. లేసుగుడ్డ అంచు కింద నాణెం వేసే చీలిక కనపడింది. అందులో వేశాడు.

బాకా మోగింది. బాలయేసు అంగీ కిందనుంచి ఒక ఆడగొంతు, స్వాగతం, మీ పాట ఎంచుకోండి అని కేకేసింది. క్లేతో రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరూ నంబరు నొక్కలేదు కాబట్టి పెట్టె తనే ఒక ప్రేమపాట ఎత్తుకుంది. నేను కుక్కిన కొబ్బరిపీచు చలవ, ఆ డోలు దెబ్బకి పెట్టె ఒళ్ళంతా అదిరింది. విగ్రహం ఒక్కో దెబ్బకి ఒక్కో అంగుళం అంచువైపు నడిచింది. రెన్సింగక్క పరుగెత్తి రెండు చేతులతో పట్టుకుంది. కింద ఉన్న ఉత్తరం నేలమీద పడింది.

నేను వెళ్ళి తీగ పీకాను. ఆ నిశ్శబ్దంలో కాలరు చొక్కా అతను ఉత్తరం తీశాడు. విప్పి చూసి, వెనక్కి తిప్పాడు.

విగ్రహాన్ని గుండెకి హత్తుకునే ఉండి ఆవిడ అడిగింది. "సంచి సర్దుకున్నాను బాబూ. ఇప్పుడే రావాలా?"

"ఎక్కడికి?" అన్నాడతను. అర్థమయ్యాక తల దించుకున్నాడు. "అక్కా, మీరు వెనకవైపు చూడలేదా?"

వెనకవైపు దరఖాస్తు అచ్చేసి ఉంది. చిన్న హోటళ్ళకి ఎన్ని కుర్చీలుంటే ఎంత కట్టాలో, ఏడాదికొకసారి ఎక్కడ కట్టాలో అన్నీ ఉన్నాయి. జైలు అన్న మాట దగ్గరే మేమిద్దరం ఆగిపోయాం. ఆ కాగితం పన్నెండు రోజులు దేవుడి కాళ్ళ కింద ఉంది.

అతను ఆ సంఘం మనిషే. భయపెట్టలేదు, బుజ్జగించనూ లేదు. ఇంకో రెండు రోజులు గడిస్తే కాగితాలు వకీలు దగ్గరికి వెళ్ళేవనీ, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండేది కాదనీ ఉన్నమాట చెప్పాడు. నా స్టిక్కరు చూపించాను. అది పాటని పెట్టెలో పెట్టినందుకు తీసుకున్న అనుమతి అన్నాడు. ఆ పాటని పదిమంది ముందు పాడించుకోవడానికి ఇంకో అనుమతి కావాలి, అది హోటలు నడిపేవాళ్ళు తీసుకోవాలి. పెట్టె లేకుండా ఎవరైనా గిటారు పట్టుకుని పాడినా, పెళ్ళి విందులకి డీజేని పిలిచినా అంతే. మేయరు ఆఫీసు కాగితం వ్యాపారానికి, పంచాయతీ కాగితం చప్పుడుకి. పాటకి ఏదీ లేదు.

ఆవిడ బల్ల మీద ఒరిగి సంతకం పెట్టింది. అతను కుర్చీలు లెక్కపెడుతుంటే నేను కూర్చునే చిన్న పీటని కాలితో ముందుకి జరిపింది. "ఇది కూడా రాసుకో," అంది.

నేను సైకిలు మీద తిరిగి మిగతా పద్దెనిమిది చోట్లకీ వెళ్ళి చెప్పినమాట తప్పని చెప్పి వచ్చాను. తిట్లు తిన్నాను. ఆ తర్వాత బాలయేసుకి గోడమీద ఒక అర చేశాను, పెట్టె అదిరినా కదలనంత గట్టిగా. గోడ మీద ఇప్పుడు నాలుగు కాగితాలు. కరెంటు బిల్లు వచ్చినా, పడవ వేళల చీటీ వచ్చినా రెన్సింగక్క మొదట వెనకవైపే చదువుతుంది.

మొన్న మైకు బాగుచెయ్యడానికి వెళితే బల్ల కింద ఆ సంచి ఇంకా కనపడింది. ఇంకా ఎందుకక్కా అన్నాను.

"ఐదో కాగితం ఉండదని నువ్వు చెప్పగలవా?" అంది.

పెట్టె గురించి అడిగితే చెప్పేవాణ్ణి, కాగితాల గురించి ఇంకోసారి మాటివ్వదలుచుకోలేదు. మైకు మర బిగించి ఆవిడకి ఇచ్చాను.