రాజా మరిచిపోవలసిన మాట

రోజూ పొద్దున సుకుమారి ఒక గుడ్డు ఉడకబెట్టి, గోరంత ముక్కలు చేసి, చిన్న స్టీలు డబ్బాలో వేసుకుంటుంది. తన కుక్క రాజా మెడకు తాడు కట్టి, మా వీధి చివర కూలిపోయిన ప్రహరీ దగ్గరకు తీసుకెళ్ళి నిలబడుతుంది. అక్కడినుంచి ఉదయగిరి బస్టాండుకు పోయే రోడ్డు కనిపిస్తుంది. మనుషులు కనిపిస్తారు కానీ ముఖాలు పోల్చుకోలేం, అంత దూరం. ఎవరైనా నడిచివస్తూ కనబడగానే ఆమె మెల్లగా "వందనాలు" అంటుంది. ఆ మనిషికి వినబడదు. వినవలసింది రాజా. కుక్క తల తిప్పి ఆమె ముఖంలోకి చూస్తుంది. గుడ్డు ముక్క దాని నోట్లో పడుతుంది.

"ఏందక్కా, కుక్కకు బాప్తీస్మం ఇప్పిస్తా ఉండావా?" అని వెంకటేష్ దూరంనుంచే కేకేస్తాడు. చెక్క గరిటెల మూట తెచ్చేది అతనే. ఇంటిదాకా రాడు, మలుపులో దించేసి పోతాడు.

"నీకంటే ముందే తీసుకునేట్టుండాది లేరా!"

చాలా రోజుల్లో ఆమె మనిషితో ఆడే మాట అదొక్కటే. తర్వాత సాయంత్రందాకా ఆ గరిటెలను గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తూ కూర్చుంటుంది.

భర్త ప్రేమానందం కొండ కింద మెట్టచేలో చెనక్కాయలు వేసేవాడు. అడవిపందులు దిగకుండా రాజాను పెంచుకున్నాడు. ఆయన ఆ చేలోనే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. చేను కౌలుకు పోయింది, కుక్క ఇంటికి వచ్చింది.

అంతవరకూ రాజాకు తెలిసిన మనిషి ఒక్కడే. ఇక్కడ గేటు ముందు ఎవరి నీడ పడినా గొలుసు తెగేలా గుంజి మొరిగేది. సుకుమారి పరిగెత్తుకొచ్చి మెడ పట్టుకుని "ఉస్... ఉస్" అనేది, ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టినట్టు. అది ఇంకా రెచ్చిపోయేది.

మా చర్చి సంఘంలో శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన వారానికొక ఇంట్లో జరుగుతుంది. సుకుమారి వంతు వచ్చిన రోజు చాపలు పరిచి, బొరుగులు తిరగమాత వేసి, టీకి నీళ్ళు పెట్టింది. అందరికంటే ముందు లిదియమ్మ గేటు తీసింది. రాజా లేచింది.

"ఉస్! ఉస్ రాజా!" అని సుకుమారి అరిచేసరికి గొలుసు కొక్కెం ఊడిపోయింది. పన్ను దిగలేదు కానీ లిదియమ్మ చీర మోకాలిదాకా చిరిగింది.

"ఇది కుక్కనా పులినా, మే? ఆటోలో ఎక్కించి సోమశిల తట్టు యాడన్నా వదిలేసి రా," అంది లిదియమ్మ వీధిలో నిలబడి రొప్పుతూ. "కుక్కన్నా ఉండాల, మేమన్నా రావాల. రెండూ కుదరవు."

మళ్ళీ ఆమె వంతు వచ్చినప్పుడు ప్రార్థన పక్కింటికి దాటిపోయింది. గోడ అవతలి పాటలకు సుకుమారి ఇవతల కూర్చుని గొంతు కలిపింది. ఒకరోజు తాడు పట్టుకుని ఆటోల దాకా పోయింది కూడా. ఎక్కించలేక తిరిగి వచ్చింది. మర్నాడు ఒక్కతే ఆత్మకూరు బస్సెక్కింది.

అక్కడి పశువుల ఆసుపత్రిలో గేదెల వెనక నిలబడి, వంతు వచ్చాక, కోపం తగ్గడానికి మందేమన్నా ఉందా అని అడిగింది. అశ్విత అనే చిన్న వయసు డాక్టరమ్మ అంతా విన్నది.

"అది కోపం కాదమ్మా, భయం. నేనరిస్తే వీళ్ళు పోతారని నేర్చుకుంది. నిజంగానే పోతున్నారు కదా, ఇంకెందుకు మానుకుంటుంది? మనిషి కనబడినా దానికి బెదురు పుట్టనంత దూరంలో నిలబెట్టండి. కనబడగానే, అది నోరు తెరవకముందే, ఇష్టమైంది పెట్టండి. మొరిగిందంటే మీరు దగ్గరికి పోయినట్టు లెక్క, వెనక్కి వచ్చేయండి. కొట్టొద్దు. సరే, మొరిగేటప్పుడు మీరేమంటారు?"

"ఉస్ అంటాను మేడమ్. గమ్మునుండమని."

"చేలోకి పందులొస్తే మీ ఆయన ఏమనేవాడు?"

సుకుమారికి ఆ కేక గుర్తొచ్చింది. ఉస్ రాజా! చీకట్లో గట్టుమీదనుంచి ప్రేమానందం వేసే కేక అదే. ఇంటికి వచ్చిన ప్రతి మనిషిమీదికీ తనే కుక్కను ఉసిగొల్పుతూ వచ్చింది.

"మంచి కుక్కేనమ్మా," అంది డాక్టరు. "చెప్పిన మాట వింటోంది."

ఆ మాట మానడం సుకుమారికి తేలిక కాలేదు. ప్రేమానందం గొంతు గుర్తున్నవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే, తనూ రాజా. ఆయన మాటల్లో రాజాకు బాగా తెలిసింది అదొక్కటే. దాన్ని మరిపించాలి.

చేలో ఎన్నడూ వినని మాట కావాలి. మనిషి ఎదురైతే ఆమె నోటికి అలవాటుగా వచ్చేది "వందనాలు". అదే పెట్టుకుంది. ప్రహరీ దగ్గర మొదలుపెట్టి, నెలలు గడిచాక రోడ్డుకు ఇంకాస్త దగ్గరగా, కరెంటు స్తంభం దాకా జరిగింది. కర్ర పట్టుకున్న ముసలాయనను చూసి రాజా మొరిగిన రోజు మళ్ళీ ప్రహరీ దగ్గరికే పోయింది. ఒకసారి కంగారులో "ఉస్" అని నోరు జారి, మళ్ళీ మొదటినుంచి పట్టుకోవలసి వచ్చింది. రాజాకు అలవాటు చేయడానికి మనుషులు కావాలి. మా వీధికి మనుషులు రావడం తగ్గించారు.

ఒక శుక్రవారం కృపారాణి వచ్చింది. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ, ఆమెకు కుక్క సంగతి ఎవరూ చెప్పలేదు. గేటు బయటే ఆగి, అలవాటుగా, "వందనాలక్కా!" అని పిలిచింది.

రాజా లేచింది. చెవులు నిక్కాయి. సుకుమారి చేతిలో సగం రుద్దిన గరిటె ఉంది, గుడ్డు లేదు. "ఉస్" పెదవులదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకుంది.

రాజా తల తిప్పి ఆమె ముఖంలోకి చూసింది.

"వందనాలమ్మా," అంటూ సుకుమారి వంటింట్లోకి పరిగెత్తింది. డబ్బా తెచ్చి, ఉన్న ముక్కలన్నీ దాని ముందు పోసింది.

"లోపలికి రానా అక్కా?"

అంతకాలానికి ఇంటికొచ్చిన మొదటి మనిషి. "ఈ పొద్దుకు వద్దు తల్లీ," అంది సుకుమారి. "ఆడనే ఉండు."

గేటుకు అటొకరు, ఇటొకరు నిలబడి ప్రార్థన చేసుకున్నారు. సుకుమారి కళ్ళు మూసుకోలేదు, రాజానే చూస్తూ ఉంది. ఆమేన్ అనేసరికి అది పడుకుంది.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు కృపారాణి వచ్చి గేటు బయట స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మిగతావాళ్ళు ఇంకా రాలేదు.