సిద్ధిరాములు బిగింపు

ఎల్లారెడ్డిలో సిద్ధిరాములు షెడ్డుకు ఎక్కువగా ట్రాక్టర్లే వచ్చేవి. స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవాడు. డాక్టర్లు కూడా అంత శ్రద్ధగా వినరు. ఆయన బిగించిన బోల్టు వదులైందని ఎవరూ తిరిగి రాలేదు.

2012 ఎండాకాలంలో ఒక కారు వచ్చింది. ఇంజన్ లైటు ఆరడం లేదు, పికప్ తగ్గింది. సిద్ధిరాములుకు ఏమీ వినిపించలేదు. కామారెడ్డిలో కార్ల పని చేసే చక్రధర్‌ను పిలిపించాడు. అతను స్కానర్ పెట్టి చూసి, నాక్ సెన్సర్ పోయిందన్నాడు.

"ఇంజన్ల కొట్టుకునే సప్పుడు ఇనేది గదే అన్న. దాని చెవి అనుకో."

సిద్ధిరాములు కొత్త సెన్సర్ పెట్టి, పానాతో బలంకొద్దీ బిగించాడు. కారు నిజాంసాగర్ రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చేసరికి లైటు మళ్ళీ వెలిగింది.

చక్రధర్ ఆ సెన్సర్ బోల్టు విప్పి, బిగింపు కొలిచే పానాతో మెల్లగా తిప్పాడు. "గంత గట్టిగ బిగిస్తే దీనికి సక్కగ ఇనబడదన్న. గిట్ల బిగించుడు ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మా ఉస్తాద్. పన్నెండేండ్లప్పుడు ఒక్క బోల్టు వదులు పెట్టిన. ఎడమ చెవి మీద కొట్టిండు."

ఈసారి లైటు ఆరిపోయింది. చక్రధర్ ఆయనకు ఎడమ పక్కన నిలబడి, "ఇప్పుడు సప్పుడు మంచిగుందా అన్న?" అని అడిగాడు.

సిద్ధిరాములు కాసేపు ఇంజను వైపే చూశాడు. తర్వాత మొత్తంగా చక్రధర్ వైపు తిరిగి, కుడి చెవిని అతని దగ్గరికి తెచ్చి అడిగాడు.

"ఏమన్నవ్?"