గ్లేజ్ పోయిన నాలుగు పళ్లు

1996లో విజయవాడ సూర్యారావుపేటలో ఒక మేడ మీద నాకు చిన్న డెంటల్ ల్యాబ్ ఉండేది. డాక్టర్లు అచ్చులు పంపితే పళ్లకు తొడుగులు, అంటే క్రౌన్లు, చేసి ఇచ్చేవాణ్ని. లోపల లోహం, పైన సిరామిక్. ఎన్నాళ్లు మన్నుతాయని పేషెంట్లందరూ అడుగుతారు. సిరామిక్ అంత తేలిగ్గా అరగదు. దాని ఎదుటి పన్ను సంగతి మాత్రం ఎవరూ అడగరు.

క్రౌన్‌ను చివరిసారి ఫర్నేస్‌లో కాల్చినప్పుడు పైన అద్దంలాంటి పొర వస్తుంది. దాన్నే గ్లేజ్ అంటాం. ఆ నునుపు ఉన్నంతవరకు కింది పన్ను దాని మీద జారుతుంది. కొరికేటప్పుడు ఎత్తుగా తగులుతోందని డాక్టరు అక్కడ అరగదీస్తే ఆ పొర పోయి, లోపలి గరుకు బయటపడుతుంది. అప్పుడు నాకు తిప్పి పంపాలి, నేను మళ్లీ గ్లేజ్ చేయాలి. కనీసం క్లినిక్‌లోనే రబ్బరు చక్రాలతో పాలిష్ పట్టాలి. లేకపోతే ఆ క్రౌన్ ఆకురాయిలా ఎదుటి పన్నును తినేస్తుంది.

నాగరత్నం బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరి మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. చిరిగిన వలలు బాగుచేయడం ఆమె పని. రెండు చేతులూ వల మీదే ఉంటాయి కాబట్టి ఆ పనివాళ్లు నైలాన్ దారాన్ని ముందు పళ్లతో తెంపుతారు. పడవ దిగుతూ జారిపడి ఆమెకు పై వరసలో నాలుగు పళ్లు విరిగాయి. క్రౌన్లకు కలిసే పళ్ల రంగు చూడడానికి, ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరుగారు నన్ను క్లినిక్‌కు పిలిపించారు. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. అరగదీస్తే ఇంకోసారి రావలసి ఉంటుందని నేను ఆమెకు చెప్పబోతుంటే నలుగురిలో ఆపేశారు.

"పేషెంటుకి ఏం చెప్పాలో నాకు తెలుసు. మీరు రంగు చూసుకుని వెళ్లండి."

ఆ మాట ఎలా అన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. క్రౌన్లతో పాటు పంపిన ల్యాబ్ కార్డు మీద ఎర్ర సిరాతో "అరగదీస్తే గ్లేజ్‌కు తిప్పి పంపగలరు" అని రాసి, నకలు దాచుకున్నాను. అవి తిరిగి రాలేదు.

నాలుగు నెలలకు ఆమె అడ్రసు వెతుక్కుంటూ మా ల్యాబ్‌కు వచ్చింది. "నాలిక తగిలితే గరగరలాడతన్నాయండీ. డాక్టరుగారు నోరన్నా చూడకుండా అలవాటైపోద్దిలే అన్నారు" అంది. లైటు వేసి చూశాను. పై పళ్ల వెనక గ్లేజ్ లేదు. డ్రిల్లు గీతలు కనబడుతున్నాయి. కింది పళ్ల అంచులు అప్పటికి కొంచెమే అరిగాయి. పాలిష్ పావుగంట పని. నోట్లో పనిచేసే హక్కు నాకు లేదు గాని, సంగతి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను మాత్రం, "మీ డాక్టరుగారినే అడగండమ్మా, మేం పేషెంట్లతో మాట్లాడకూడదు" అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడాలనే అన్నాను. ఆమె అలాగే బందరు బస్సెక్కింది.

2000లో మళ్లీ వచ్చింది. కింది ముందు పళ్లు సగానికి అరిగిపోయాయి. చన్నీళ్లు తాగలేకపోతోంది. దారం బ్లేడుతో కోస్తోందట. ఒక రోజులో అయ్యే వలకు రెండు రోజులు పడుతోందని, పని ఇచ్చేవాళ్లు తగ్గారని చెప్పింది. ఆ డాక్టరుగారిని అడిగితే, ల్యాబ్‌వాళ్ల సరుకు మంచిది కాదన్నారట. నాకు ఒళ్లు మండింది. బీరువాలోంచి కార్డు నకలు తీసి, నేను రాసిన ముక్క మీద వేలు పెట్టి చూపించాను. నాలుగేళ్లుగా ఎవరికైనా చూపించాలని దాచిన కాగితం అది.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. కింద తారీఖు కూడా చూసింది.

"అయితే మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసమ్మా. రాసి పంపాను కూడా."

"మరి నేనొచ్చిన్రోజు చెప్పలేదేంటండీ?"

ఆయన నన్ను నలుగురిలో ఎలా అవమానించారో మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా వింది.

"మీ ఇద్దరికీ పడదని నాకేం తెలుసండీ. ఒక్క మాట చెప్తే ఇంకో డాక్టరు దగ్గరికి పోయేదాన్ని కదా" అంది. కోపంగా కూడా అనలేదు.

నాకు తెలిసిన మరో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. పై క్రౌన్లు మార్చాం. కింద రెండు పళ్లు దక్కాయి, రెండు తీసేయాల్సి వచ్చింది. ఇక పళ్లతో దారం తెంపొద్దని ఆయన చెబితే తలూపింది. ఆ యేడే వల పని మానేసి, చేపలు ఎండబెట్టే చోట కూలికి వెళ్తోందని తరవాత తెలిసింది.

తెలిసిన సంగతి కార్డు మీద రాసి దాచుకుంటే సరిపోదని, ఆ పళ్లు ఎవరి నోట్లో ఉన్నాయో వాళ్లకు చెప్పాలని అప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు గరుగ్గా ఉందని ఎవరొచ్చినా ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను. అందుకు ముగ్గురు డాక్టర్లు నాకు పని పంపడం మానేశారు. ఆ ముగ్గురూ నాకు గుర్తే. ఆ మొదటి డాక్టరుగారినైతే క్షమించలేదు, క్షమించను. ఆయనది తప్పేనని ఎవరి ముందైనా రుజువు చేయగలను. అయితే ఆమె గరుగ్గా ఉందన్నప్పుడు ఆయన నోరు తెరిపించి చూడలేదు. నేను చూశాను. ఇంకా పావుగంట పనితో పోయేదేనని తెలిసి, లైటు ఆర్పేసి పంపించాను.