ముందద్దానికి అడిగిన కొసరు

మా పాపకు మూడేళ్లప్పుడు రెండు చెవులకూ చీము పట్టింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. భుజం తట్టాల్సి వచ్చేది. కర్ణభేరికి చిల్లులు పడ్డాయని కృష్ణగిరి డాక్టరు చెప్పాడు. మందు వేస్తూ, చలిగాలి తగలనివ్వకుంటే పూడుకోవచ్చు. లేదంటే వినికిడి మీద ఆశ వదులుకోవలసిందే. వారం వారం తీసుకురమ్మన్నాడు.

హోసూరులో మాది పప్పుల అంగడి. బస్సులో పోతే డాక్టరు లేచి వెళ్లిపోయే వేళకు చేరేవాళ్లం. అందుకని పాత మోటారు సైకిలే దిక్కయింది. పాప ముందు ట్యాంకు మీద, తల్లి నా వెనక. పాపకు మఫ్లరు చుడితే సగం దారిలో శూలగిరి చేరేలోపే ఊడబీకేది. గాలికి అడ్డంగా బండితో వచ్చిన ప్లాస్టిక్ ముందద్దం చూస్తే మొక్కుబడి వ్యవహారం. దాని మీదుగా దూకిన గాలి నేరుగా పాప చెవులకే తగిలేది.

ఇంకో అద్దం వేయిద్దామని కృష్ణగిరిలో బండి సామాన్ల అంగడికి పోయాం. నేను త్రాసు పక్కన పెరిగినవాణ్ణి. కొనదలచిన సరుకును ముందు తిట్టడం మా ఇంటి మర్యాద.

"ఏమప్పా, ఇది అద్దమా, అప్పడమా? వేలు పెడితే వంగతా ఉంది."

"అప్పడమైతే నూనెచట్టి తీసుకొని రాప్పా, ఈడే వేయిచ్చి ఇస్తాను" అన్నాడు అంగడాయన.

తిట్టగా తిట్టగా వెల దిగింది. అక్కడితో ఊరుకుంటే మా నాయన పరువేం కావాలి? కందిపప్పు తూచాక పైన గుప్పెడు వేయందే మా గడప దిగే గిరాకీ లేదు.

"కొసరేదప్పా?"

"అద్దానికి కొసరు యాడన్నా ఉంటాదా? నా గోరు కోసి ఇయ్యాల్నా?"

నేను కదలలేదు. చివరికి ఆయన అదే వెలకు ఇంకో నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తున్న అద్దం దించి, "ఇది తీసుకొని నన్ను వదులు సామీ" అని దండం పెట్టాడు. రాజ్యం గెలిచినట్టు బిగించుకొని వచ్చాను.

మరుసటి వారం హోసూరు దాటేసరికి మంచు. అద్దం పైఅంచు సరిగ్గా నా కళ్లకు అడ్డం వచ్చింది. అద్దంలోంచి చూద్దామంటే దాన్నిండా నీటిబొట్లు. పైనుంచి చూద్దామంటే కోడిలా మెడ చాచాలి. అలా చాస్తూ, ముడుస్తూ పోయి, రోడ్డు పక్క కంకర కుప్పలోకి బండిని ఎక్కించాను. మెల్లగా పోతున్నాం కాబట్టి బండి ఒక పక్కకు ఒరిగిందంతే. పాప ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆ కుప్పకు ఇప్పటికీ నేను రుణపడే ఉన్నాను.

నా భార్య కొంగు దులుపుకొంటూ అడిగింది: "అద్దం కొన్నింది పాపకా, మీ కొసరుకా?"

పాత అద్దమే మళ్లీ పెట్టుకుందామని గొణిగాను.

"ఎందుకూ? దీని వెనక పాప జుట్టు కూడా ఎగరలేదు, చూడలేదా? దీన్ని కోయిస్తాం."

డబ్బు పెట్టి కొన్నదాన్ని కోయించడమంటే మావాళ్లకు వేలు కోయించుకోవడమే. కృష్ణగిరిలో ఆమే ముందు అంగడి మెట్లెక్కింది. అంగడాయన రంపం పెడుతుంటే నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను. నునుపు చేసిన అంచు ఇప్పుడు నా ముక్కు దగ్గర ఆగింది. దారి కనిపించింది, పాప మాత్రం పూర్తిగా అద్దం చాటునే ఉంది.

"కోసిన ముక్క నాకు వద్దప్పా. దానికేమన్నా తగ్గించుకుంటావా?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, ఈయన్ని ఇంట్లో ఎట్ల వేగుతా ఉండావు తల్లీ?" అన్నాడాయన నా భార్యతో.

ఆ చలికాలమంతా ఆ అద్దం వెనకే తిరిగాం. చీము ఆగింది. ఎండలు ముదిరాక ఒకరోజు, చిల్లులు పూడుకుంటున్నాయి అన్నాడు డాక్టరు. నాకు నమ్మకం కుదరలేదు. డాక్టర్లు కూడా సరుకును పొగిడేవాళ్లే గదా.

తిరుగుదారిలో ఒక ఎత్తు మీద బండి మూలుగుతూ ఎక్కుతోంది. కోతలో పోయిన నాలుగు వేళ్ల అద్దం గురించి నాలో నేనే ఏదో సణుక్కుంటున్నాను. వెనకున్న నా భార్యకు కూడా వినిపించనంత మెల్లగా. ట్యాంకు మీదున్న పాప గిరుక్కున తిరిగి నా ముఖంలోకి చూసింది.

"ఎవరితో బేరం చేస్తా ఉండావు నాయనా?"

బండి ఆపేశాను. ఏమైందంటూ నా భార్య దిగింది. నేను పాప చెవుల మీది జుట్టు తోసి చూస్తున్నాను. పాపే మళ్లీ అడిగింది, ఈసారి అమ్మను: "నాయన ఎవరితో బేరం చేస్తా ఉండాడు?"