తోక పాకిన వైనం

మా పెద్దమ్మను కాలేజీ పిల్లలు చాటుగా ‘తోక పంతులమ్మ’ అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు గానీ పట్టించుకునేది కాదు. ఆవిడ చెప్పేది భాషాశాస్త్రం. మాట చివర అంటుకునే ప్రత్యయమంటే ఆవిడకు ప్రాణం. దాన్నే తోక అనేది.

ఆ పాఠం నాకూ చెప్పింది. ‘వాడు పడుకున్నాడు’, ‘వాడు గుడ్డ కత్తిరించాడు’ అంటే మనకు రెండుచోట్లా ‘వాడు’ ఒకటే. కొన్ని భాషల్లో అలా కాదు. కత్తిరించినవాడికి తోక తగిలిస్తారు, పడుకున్నవాడికి తగిలించరు. పడుకున్నవాడూ, కత్తెర కింద గుడ్డా ఒకేలా తోక లేకుండా బోసిగా ఉంటారు. ఒకప్పుడు ‘వాడి చేత కత్తిరించబడింది’ అన్నట్టు మాట్లాడీ మాట్లాడీ, ఆ ‘చేత’ లాంటిదే తోకగా మిగిలిపోయిందని పెద్దమ్మ అనేది. అలా అంటుకున్న తోక ఎప్పటికైనా అరిగి రాలిపోవలసిందే తప్ప, పడుకున్నవాళ్ల మీదికి పాకదని ఆవిడ గురువుగారి సిద్ధాంతం. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని భాషలెన్నో పోగేసి, ఆ మాట నిలబెట్టడానికే పెద్దమ్మ పుస్తకం రాసింది. పెళ్లి ఊసెత్తితే ‘పుస్తకం కానీ’ అంటూ ఆ వయసే దాటించేసింది.

పుస్తకం అచ్చుకు వెళ్లబోయే రోజుల్లో, కోటు చేతులు కురచ చేయించడానికి కాలేజీ వెనక వీధిలో ఉన్న కుట్టుపని దుకాణానికి వెళ్లింది. ఇరుకు గది, రెండు మిషన్లు, గోడవారగా ఇస్త్రీబల్ల. కిటికీ పక్కన ఒక ముసలామె గుండీలు కుడుతోంది. మిషను మీద ఆమె కూతురు, ఇస్త్రీ దగ్గర మనవరాలు. వాళ్లది వలస వచ్చిన కుటుంబం. బేరాలకు ఊరి భాష, ఇంట్లో తమ భాష. పెద్దమ్మకు ఆ భాష పుస్తకాల్లో వచ్చు గానీ చెవికి కొత్త.

మనవరాలు ఆవలిస్తూ ఏదో అంది. ముసలామె నవ్వుతూ ఒక చురక అంటించింది. పెద్దమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రాత్రి సరిగా పడుకోలేదని చెబుతూ ఆ పిల్ల ‘నేను’కు తోక పెట్టింది.

ఆవిడేమన్నారని పెద్దమ్మ అడిగితే మిషను మీదున్న కూతురు, ఆ దర్జీ, నవ్వింది.

“మా అమ్మకు దీని మాటలంటే వేళాకోళమండీ. పడుకోవడం కూడా ఒక పనేనా, దానికంత ముస్తాబెందుకూ అంటోంది.”

“మరి మీరెలా అంటారు?”

దర్జీ మిషను ఆపి, రెండు మూడు మాటలు పెదవుల్లోనే అనుకుని చూసుకుంది. “పడుకుంటే పెట్టను. నవ్వినా, నడిచినా పెడతాను. మా అమ్మ వాటికీ పెట్టదు. ఇదైతే కాలుజారి పడ్డా పెట్టేస్తుంది.”

పెద్దమ్మ కోటు అక్కడే మరచి ఇంటికొచ్చింది.

ఒక్క కొంపలో విన్న మాట పట్టుకుని కొరివితో తల గోక్కోవద్దని మా అమ్మ బతిమాలింది. పెద్దమ్మ వినలేదు. ఊళ్లో ఆ భాషవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. ఊరి భాష తగిలి పిల్లల మాట మారిందేమోనని, అటునుంచి కొత్తగా వచ్చినవాళ్లనూ వెతికి విన్నది. వాళ్లలోనూ పడుచువాళ్లందరిదీ అదే తీరు.

చివరికి గురువుగారి దగ్గరకు వెళ్లి, “మాస్టారూ, తోక పాకుతోందండీ” అంది.

“బట్టలు కుట్టేవాళ్లింట్లో విని శాస్త్రం మారుస్తావా?”

“వాళ్లింట్లో మాట్లాడేదే కదండీ భాష.”

ఆయన కళ్లజోడు తీసి మడిచారు.

పెద్దమ్మ పుస్తకం వెనక్కి తీసుకుని సగం తిరగరాసింది. ఏళ్లు పట్టింది. ఈలోగా, ఆ పుస్తకం ఉంటే తనకు రావలసిన శాఖాధిపతి పదవి ఆవిడకంటే చిన్నవాడికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా వంటింట్లో అటు తిరిగి కూర్చుని బీన్స్ తుంచుతూ ఏడ్చింది. అమ్మ చూడనట్టే పొయ్యి తుడిచింది.

పుస్తకం వచ్చాక తెలిసింది, మరో ఖండంలో, దీనితో ఏ చుట్టరికమూ లేని భాషలోనూ ఎవరో ఇదే గమనించారట. అక్కడ తోక ఒక్కొక్కరి మీదికే పాకి, చివరికి చేసేవాళ్లకూ పడుకునేవాళ్లకూ అందరికీ ఒకటే అయిపోయిందట. అంటే తిరిగి మన ‘వాడు’ దారికే వచ్చిందన్నమాట. పెద్దమ్మకు గెలిచానన్న సంబరం కన్నా, ఒంటరిదాన్ని కాదన్న ఊరటే ఎక్కువ. దుకాణానికి వెళ్లి ముసలామెకు చెప్పింది.

“అయితే మా మనవరాలిది తప్పా, ఒప్పా?” అంది ముసలామె.

“మీ ముందు తప్పేనండీ. రేపు దాని పిల్లల ముందు ఒప్పు.”

“ఇప్పుడు నా ముందే కదా ఉంది” అంటూ ముసలామె దారం పంటితో తెంపింది.

గురువుగారికి పుస్తకం తనే తీసుకెళ్లి ఇచ్చింది. ప్రతి ఆదివారం ఆయన్ని చూసిరావడం మానలేదు. మోకాళ్ల నొప్పులూ, మందులూ, కాలేజీ కబుర్లూ మాట్లాడుకునేవారు. పుస్తకం బల్ల మీదే ఉండేది. చదివారా అని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాకపోతే, కుర్చీలోంచే తలూపి పంపేసే మనిషి, పుస్తకం ఇచ్చాక మాత్రం చేతికర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చి సాగనంపేవారు.